నిత్యవ్యవహార రచనలో ‘మిత’ శబ్దము

‘మితము’ తత్సమ పదము. కొలుచుట యను నర్థము గల ‘మా’ ధాతువునుండి పుట్టినది. కావున మితమనగా కొలువబడినదని యర్థము, కొంచెమని కాదు. కొలిచినది కుంచెడైనను కావచ్చును, పుట్టెడైనను కావచ్చును. కాని నేటి పత్రికలలోను, కార్యాలయ ప్రకటనలలోను ‘మితముగా’ అను మాట ‘తక్కువగా’ అనుటకు మారుపేరైనది. ఈ పరిణామము నిచట పరిశీలింతుము.

ఇది క్రొత్తది కాదు. ‘మితంపచ’ శబ్దమునకు కొలిచి వండువాడని వ్యుత్పత్తి. అమరకోశము దానిని లోభి పర్యాయములలో జేర్చినది. ‘అమితము’ కొలతకందనిదను భావమును కోల్పోయి ‘మిక్కిలి’ యైనది. 1907లో సూరత్తున చీలిన కాంగ్రెసులో గోఖలే పక్షమును తెలుగువారు మితవాదులనిరి. అచట మితము కొలత కాదు, తీవ్రత లేకుండుట. ‘హామీలు కాగితములకే పరిమితమైనవి’ అను వాక్యమున హద్దుకంటె నిష్ఫలతయే స్ఫురించును. మూలార్థము ‘మితిమీరు’ వంటి పలుకుబడులలో మాత్రము నిలిచినది. హద్దున్నచోటనే కదా మీరుట!

అర్థపరిణామము దోషమని మేమనము. కొలత యావశ్యకమైన చోటనే చిక్కు వచ్చుచున్నది. నిజాంసాగరమునే చూతము. మంజీరపై 1931లో పూర్తియైన యీ జలాశయపు పూర్తి నీటిమట్టము 1405 అడుగులు, నిల్వ 17.8 టి.ఎం.సి.లు. జలాశయమునకు లెక్క యున్నది. నీరు చాలని యేట ‘నీటిని మితముగా వాడుకొనుడు’ అన్నచో ఆయకట్టు రైతునకేమి చెప్పినట్లు? ఎన్ని తడులు, ఎన్నిదినముల కొకటి, ఏ తూముక్రింద నెంత పైరు అని తెలిపినపుడే యది మితము. లేనిచో కొలువవలసినవారి భారము కొలత తెలియనివానిపై బడును.

దీనికి ప్రతిగా వాతావరణశాఖవారి ‘మోస్తరు వర్షము’ గమనింపదగినది. 24 గంటలలో 15.6 మొదలు 64.4 మిల్లీమీటర్ల వఱకు కురిసినదే మోస్తరు. కొలతనుండి పుట్టిన ‘మితము’ కొలతను విడిచినది. జనవ్యవహారమున ఉజ్జాయింపుగా మెలగిన ‘మోస్తరు’ కొలతను సంపాదించినది. పదమునకు నిర్దిష్టత వ్యుత్పత్తిచే గాక ప్రయోగముచే సిద్ధించునని దీనివలన తేలుచున్నది.

కావున నిఘంటుకర్తలు ‘కొలువబడినది’, ‘కొంచెము’ అను రెండర్థములను వేఱువేఱుగ జూపుట యుచితము. రచయిత ‘మితముగా’ అని వ్రాయునపుడు ‘ఎంత?’ అని తన్ను దా నడుగవలెను. ఉత్తరము లేనిచో ‘తక్కువగా’ అని వ్రాయుటయే ఋజుమార్గము.