ముఠానాయకుడు - ప్రహసనము

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటను త్రోసిపుచ్చినవారు సంస్కర్తలు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) ప్రహసనములు వ్రాసినది వినోదమాత్రమునకు గాదు. ఉపదేశమునకు లొంగని దురాచారము పరిహాసమునకు లొంగునని వారి విశ్వాసము. గురజాడ అప్పారావుగారి గిరీశమును చూచి నవ్వినవాడు మఱునాడు వీథిలో అట్టి గిరీశము ఎదురుపడినచో ఆనవాలు పట్టగలిగెను. నవ్వు చేసిన మేలది. కాని నవ్వినంతమాత్రమున దోషము తొలగునా? నవ్వుచునే దోషమును ముద్దుచేయుటయు కలదు గదా! ఈ సందేహము నాకు మా యింటనే కలిగినది.

మొన్నటి సంక్రాంతికి బంధువులందఱు మా యింట చేరియుండిరి. మా మఱిది కుమారుడు ఏడేండ్లవాడు. వాడు తండ్రి నల్లకండ్లద్దములు పెట్టుకొని, పెన్సిలును చుట్టవలె నోట కఱచి, వీధిగుమ్మమున నిలిచి, వచ్చువారినెల్ల సుంకము కట్టి లోనికి పొండని గద్దించుచుండెను. పెద్దలు పకపక నవ్వి తలకొక నాణెము చేతిలో పెట్టిరి. ఇంతలో నాలుగేండ్ల పిల్ల యొకతె అరిసె తినుచు వచ్చెను. దానియొద్ద నాణెము లేదు. వాడు అరిసెను లాగుకొనెను. పిల్ల గొల్లుమనెను. మా నవ్వు మాత్రము ఆగలేదు. నవ్వనివారు మా అత్తగారొక్కరే. "మీరు నవ్వితిరి గనుకనే వాడు లాగుకొనెను" అని యొక్క మాట యని, పిల్లను చంకనెత్తుకొని లోనికి పోయిరి. తరువాత విచారింపగా, వాడు ఆ విద్యను నేర్చినది ముఠానాయకుల చిత్రమునుండి కాదనియు, అట్టి చిత్రములను వెక్కిరించు హాస్యచిత్రమునుండి యనియు తెలిసినది. వెక్కిరింతయే వేషమును నేర్పినచో ఆ వెక్కిరింత ఎవరి పక్షమున నున్నట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్నచో ఈ చిత్రములు పుట్టిన చోటికి పోవలెను. అమెరికా దేశమున 1920 జనవరి మొదలు 1933 డిసెంబరు వఱకు మద్యనిషేధము శాసనముగా నుండెను. సంకల్పము మంచిదే, కాని త్రాగువారు మానలేదు, అమ్మువారు మాత్రము మాఱిరి. లైసెన్సు పొందిన వర్తకుని స్థానమునకు తుపాకి పట్టిన వర్తకుడు వచ్చెను. షికాగో నగరమున 1929 ఫిబ్రవరి 14వ తేదీని ఒక గారేజిలో ఏడుగురిని కాల్చి చంపిరి. ఆ నగరపు ముఠానాయకులలో పేరుమోసిన అల్ కపోను తుదకు చిక్కినది హత్యలకు గాదు. ఆదాయపు పన్ను ఎగవేసినందులకు 1931లో అతనికి 11 సంవత్సరముల శిక్ష పడెను. ఆ సంవత్సరమే ఎడ్వర్డు జి. రాబిన్సను నటించిన 'లిటిల్ సీజర్', జేమ్సు కాగ్నీ నటించిన 'పబ్లిక్ ఎనిమీ' వెలువడెను. 1932లో 'స్కార్‌ఫేస్' వచ్చెను. మూడింటి కథయు నించుమించుగ నొక్కటే: బీదవాడొకడు తుపాకి బలమున పైకి వచ్చును, ఖరీదైన దుస్తులు తొడుగును, తుదకు దిక్కులేని చావు చచ్చును.

పరీక్షకాధికారుల ఒత్తిడివలన 'స్కార్‌ఫేస్'నకు 'జాతికి సిగ్గుచేటు' అను అర్థమిచ్చు ఉపశీర్షికను తగిలింపవలసి వచ్చెను. అయినను ప్రేక్షకులు ఇంటికి తీసికొనిపోయినది ఆ సిగ్గును కాదు. ఆ టోపీని, ఆ నడకను, జార్జి రాఫ్టు అను నటుడు వ్రేళ్లతో నాణెమును ఎగురవేసి పట్టుకొనిన తీరును. నీతి చివరి అయిదు నిమిషములలో నుండెను; ఆకర్షణ తక్కిన చిత్రమంతట నిండియుండెను. ఉపదేశము ఓడిన యీ చోటనే ప్రహసనమునకు పని కలిగినది.

మన భాషలో పేరడీ యన్నంతనే జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రిగారు జ్ఞప్తికి వత్తురు. పేరడీకారుడు మూలమును చక్కగ నెఱిగినవాడు కావలెను. లేనిచో వెక్కిరింత గుఱి తప్పును. ముఠానాయకునియందు నవ్వదగినవి రెండున్నవి. ఒకటి వాని వేషము. రెండవది వాని ప్రతిష్ఠ. వేషమును నవ్వుట సులభము: టోపీని మఱికొంత పెద్దది చేసి, గొంతును మఱికొంత బొంగురు చేసినచో చాలును. కాని వేషమును నవ్వినంతకాలము వేషమును చూపుచునే యుండవలెను. ప్రతిష్ఠను నవ్వుట కష్టము. వీనిని లోకము ఏల గౌరవించుచున్నది, ఆ గౌరవము దేనితో కట్టినది అని విప్పి చూపవలెను. నా దృష్టిలో ఈ జాతి చిత్రముల మంచిచెడ్డలకు ఇదియే గీటురాయి.

మొదటి తరగతికి 1998లో జిమ్ అబ్రహామ్స్ తీసిన 'మాఫియా!' ఉదాహరణము. 'గాడ్‌ఫాదర్' మొదలగు చిత్రములలోని ఘట్టములను ఒకటొకటిగా తీసికొని ప్రతిదానికి ఒక వికటచేష్ట అతికించిరి. మూలమును చూచినవాడు నవ్వును. చూడనివాడు ప్రక్కవానివంక చూచును. తెర దిగిన పిమ్మట ముఠానాయకునిగూర్చి మన తలపు ఆవగింజంతయైనను మాఱదు.

రెండవ తరగతిలో నేను అగ్రస్థానమిచ్చునది 1938 నాటి 'ఎ స్లైట్ కేస్ ఆఫ్ మర్డర్'. డేమన్ రన్యన్, హోవర్డు లిండ్సే అనువారు వ్రాసిన నాటకము దీనికి మూలము. 'లిటిల్ సీజర్'ను తీసిన వార్నరు కంపెనీయే దీనిని తీసినది. అందు నాయకుడైన రాబిన్సనే యిందును నాయకుడు. రెమీ మార్కో యను దొంగబీరు వ్యాపారి నిషేధము తొలగినంతనే పెద్దమనిషి కాదలచి చట్టబద్ధముగ బీరు తయారుచేయ నారంభించును. నాలుగేండ్లలో దివాలాకు వచ్చును. బ్యాంకువారు కర్మాగారమును స్వాధీనము చేసికొన సిద్ధపడుదురు. కారణ మేమన, ఆ బీరు నోట పెట్టరానిది! నిషేధకాలమున తుపాకి భయమునకు దానిని కొనిరి. ఇప్పుడు కొనకున్నను అడుగువాడు లేడు. ఇన్నేండ్లలో నీ బీరు బాగుండలేదని వానితో చెప్పు ధైర్యము ఒక్కనికిని లేకపోయెను. వాడు తానై దాని పాడురుచిని ఎఱుగుట కథలో చాలదూరము నడచిన పిమ్మట గాని జరుగదు.

ఈ ఒక్క కల్పనలో ఎంత విషయమున్నదో చదువరులు యోచింపవలెను. తుపాకి గలవానికి లోకము దాచునది నిజము. భయపెట్టి పొందిన మెప్పు మెప్పుకాదని నీతిశాస్త్రము నూఱుమార్లు చెప్పినది. ఈ చిత్రము ఒక గ్లాసుతో చెప్పినది. ముఠానాయకుని ఘనకార్యమంతయు ఏమని విచారించిన, పాడుసరకును బలవంతమున అమ్ముటయే! సాటివర్తకునితో సమముగ నిలువవలసినప్పుడు వాడు ఒక్కనెలయైన నిలువజాలని అసమర్థుడు. వీనిని చూచి భయపడవచ్చును. వీనివలె కావలెనని ఏ బాలుడును కోరడు. ఇంట నాలుగు శవములు బయటపడుట, కూతురు పోలీసువానినే వరించుట మొదలగు తక్కిన హాస్యమంతయు ఈ మూలముమీదనే నిలిచినది. వేషము చిన్నది, నవ్వు పెద్దది.

1959లో బిల్లీ వైల్డరు తీసిన 'సమ్ లైక్ ఇట్ హాట్' లోకప్రసిద్ధము. ఆరంభమున ఒక శవవాహనము పోవుచుండును. పోలీసులు కాల్పులు జరుపగా శవపేటికనుండి కారునది సారాయి. అంత్యక్రియలు జరిపించు దుకాణము వెనుక దొంగతాగుడిల్లు నడచుచుండును. ముఠావర్తకము చావును ముందు పెట్టుకొని సాగునని యింతకంటె క్లుప్తముగ చెప్పుట కష్టము. తరువాత గారేజి హత్యాకాండ. దానిని కంటజూచిన యిద్దఱు వాద్యగాండ్రు ప్రాణభీతిచే స్త్రీవేషములు ధరించి ఆడువారి మేళములో చేరుదురు. ముఠానాయకుని పాత్రధారి మఱెవరో కాదు, 'స్కార్‌ఫేస్'లో నాణెము ఎగురవేసిన రాఫ్టే. ఈ చిత్రమున ఒక కుఱ్ఱ దుండగీడు తన యెదుట నాణెము ఎగురవేయగా, ఈ చౌకబారు విద్యను ఎక్కడ నేర్చితివని రాఫ్టు వానిని గద్దించును. తానే నాటిన విత్తనము చెట్టై యెదుట నిలిచినది! అనుకరణము అనుకరణమును పుట్టించునను సత్యము ఒక్క క్షణమున తేటపడినది.

గృహిణులు గమనింపదగిన విషయము మఱియొకటి కలదు. తెరమీది ముఠానాయకుని మగతనమునకు స్త్రీ యొక ఆభరణము, లేదా దెబ్బలకు పాత్రము. 'పబ్లిక్ ఎనిమీ'లో కాగ్నీ ఫలాహారపు బల్లయొద్ద పంపరపనసవంటి పండుచెక్కను ప్రియురాలి ముఖమున పొడిచిన ఘట్టము పేరెన్నిక గన్నది. ఆనాడు దానికి నవ్వినవారును కలరు. వైల్డరు చిత్రమున ఆ పరిహాసము తిరుగబడినది. చీరకు బదులు గౌను తొడిగిన మగవాడు లిఫ్టులో పరపురుషుని గిల్లుడు తిని, ఆడుదాని బ్రదుకు ఎట్టిదో మొదటిసారి తెలిసికొనును. మగతనపు బడాయిని కూల్చుటకు మగవానికే కొంతసేపు ఆడువేషము వేయించినారు. నూఱు ఉపన్యాసములకంటె ఆ గిల్లుడు మేలు చేసినది.

1984లో ఏమీ హెకర్లింగ్ అను దర్శకురాలు తీసిన 'జానీ డేంజరస్‌లీ' నన్ను సందిగ్ధమున పడవేసినది. తల్లి వైద్యమునకై దొంగతనమునకు దిగిన మంచి కుమారుడు పాతచిత్రములకు ప్రియమైన పాత్రము. ఇందు తల్లికి ఒక శస్త్రచికిత్స ముగియులోపల మఱియొకటి అవసరమగుచుండును. కుమారుని నేరమునకు సాకు ఎప్పుడును తఱుగదు. ఈ వెక్కిరింత సూటిగ మర్మమునకు తగిలినది. నాయకుడు దొంగతనము చేసిన బాలునికి తన కథ చెప్పి, నేరము లాభింపదని బోధించి పంపివైచి, పిదప ఖరీదైన కారెక్కి, కొంత లాభించిన మాట నిజమే యని మనవైపు తిరిగి ఒప్పుకొనును. పాతచిత్రముల తోకనీతిలోని వంచనను ఇది బయటపెట్టినది. సరియే. కాని ఆ బాలునితో పాటు కూర్చున్న మన బాలునికి మిగులునది కారు. వంచనను చూపినవారు దాని స్థానమున మఱియొక సత్యమును నిలుపలేదు.

'బగ్సీ మలోన్' (1976) విషయమున నా అభ్యంతరము వేఱు. ఆలన్ పార్కరు అందఱును బాలబాలికలనే పాత్రధారులుగ పెట్టి ముఠాకథ నడపెను. తుపాకులు మీగడ చిమ్మును; కార్లు కాలితో త్రొక్కిన నడచును. పెద్దల పౌరుషమంతయు పిల్లల ఆటయే యని తోచును. తుదకు అందఱును మీగడలో మునిగి చెలిమి చేయుదురు. ఈ భావము రమ్యమైనది. అయినను పాటలు పాడు గొంతులు పెద్దలవి. తాగుడింటి నర్తకుల వేషములలో నిలిచినవారు చిన్న బాలికలు. పెద్దలను పిల్లలుగ చూపుట పరిహాసము. పిల్లలను పెద్దలుగ అలంకరించుట పరిహాసము కాదు. ఈ రెంటి నడుమనున్న గీతను ఆ చిత్రము పలుమార్లు దాటినది.

1990లో 'ది ఫ్రెష్‌మన్' వచ్చినది. 1972 నాటి 'గాడ్‌ఫాదర్'లో పెద్దతలకాయగ కీర్తిగాంచిన మార్లన్ బ్రాండో ఇందు అదే రూపముతో, అదే గొంతుతో కనబడి తన్ను తాను ఆటపట్టించుకొనును. కాలేజీలో ఒక ఆచార్యుడు ముఠాచిత్రమును విద్యార్థులకు చూపుచు, సంభాషణలను మంత్రములవలె తానును వల్లించుచుండును. మన విద్యావంతుల ఆరాధనకు అంతకంటె మంచి అద్దము లేదు. రాబిన్సను, రాఫ్టు, బ్రాండో - మువ్వురును తాము కట్టిన వేషమును తామే విప్పిరి. వేషధారియే అది వేషమని చెప్పునప్పుడు ప్రేక్షకుని భ్రమ తొలగినట్లు మఱెవరు చెప్పినను తొలగదు.

తెలుగుతెరకును ఈ పాఠము తెలియనిది కాదు. 1989లో 'శివ'తో సైకిలు గొలుసును మన యువకుల కంటికి ఆయుధముగ చూపిన రామ్‌గోపాల్ వర్మగారే 1993లో శివనాగేశ్వరరావుగారి దర్శకత్వమున 'మనీ' నిర్మించిరి. అందు బ్రహ్మానందముగారు ధరించిన ఖాన్ దాదాను తలచుకొన్న నేటికిని నవ్వు వచ్చును. వానివలె పేటను ఏలవలెనని మాత్రము ఎవనికిని తోపదు.

హాస్యమునకు నీతిభారమేల, నవ్వుకొని లేచిపోరాదా యని కొందఱందురు. నవ్వు బరువు మోయవలెనని నేను కోరను. నవ్వు ఎవనిమీద పడుచున్నదో చూడుడని మాత్రమే నా మనవి. మార్కో బీరుకు నవ్వునప్పుడు మన నవ్వు బలవంతునిమీద పడుచున్నది. అరిసె పోగొట్టుకొన్న పిల్ల యేడ్చుచుండగ నవ్వినప్పుడు మన నవ్వు బలవంతుని ప్రక్కన చేరి, దుర్బలునిమీద పడినది. మొదటిది ప్రహసనము; రెండవది ముఠాలో చేరుట.

ఆ సాయంకాలము మా అత్తగారు మనుమని పిలిచి, దాదాగారు తమ అరిసెలు తామే చేసికొనవలెనని చెప్పి, పిండిగిన్నె ముందు కూర్చుండబెట్టిరి. పాకము ముదిరెనో, పిండి చాలలేదో, వాడు చేసినవి ఱాళ్లవలె వచ్చినవి. "ఎట్లున్నవి?" అని వాడడుగగా, అరిసె పోయిన చిన్నపిల్లయే ఒకటి కొఱికి చూచి, "బాగుండలేదు" అని నిర్భయముగ చెప్పెను. అందఱును నవ్విరి. నల్లకండ్లద్దములు తీసివైచి వాడును నవ్వెను.