వీఎంవేర్ గడప దాటాక

ఒకే సర్వర్‌ని పలు కంప్యూటర్లుగా నడిపించే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ 2023 నవంబర్ 22న చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. మూడు వారాలు తిరక్కముందే, ఒకసారి డబ్బు కట్టి ఎల్లకాలం వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇకపై చందా కట్టాల్సిందే. విడివిడిగా దొరికే సరుకు కట్టలుగా మారింది. అక్కర్లేనివి కూడా కొనాలి. ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లే ఉన్నా పదహారింటికి లెక్క కడతారు. డాలర్లలో వచ్చే ఆ కొటేషన్ రెండు మూడు సర్వర్లతో నెట్టుకొచ్చే ఆసుపత్రికో, కాలేజీకో, ఫ్యాక్టరీకో మోయలేని బరువు.

ఆ ధర న్యాయమా కాదా అన్న వాదన అలా ఉంచుదాం. అసలు ఆ డబ్బుకి మనం కొంటున్నదేమిటో చూడాలి.

ఒకే యంత్రం మీద పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించడం ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో 1960ల నాటి విద్యే. అలా లోపల నడిచే ఒక్కో కంప్యూటర్‌ని వీఎం లేదా గెస్ట్ అనీ, మోసే యంత్రాన్ని హోస్ట్ అనీ అంటారు. ఇంటెల్ ఎక్స్86 చిప్‌లు మాత్రం దానికి లొంగలేదు. గెస్ట్‌కి నడిపే చనువు ఉండకూడని చోట కూడా చడీచప్పుడు లేకుండా నడిచిపోయే ఆదేశాలు పెంటియంలో 17 ఉన్నాయని 2000లో లెక్క తేల్చారు. గెస్ట్ కోడ్‌ని నడుస్తుండగానే చదివి, చిక్కు ఆదేశం వచ్చినచోట మార్చి రాసే పద్ధతితో వీఎంవేర్ 1999లోనే ఈ ముడి విప్పింది. గొప్ప పని, దానికి ధర అడగడంలో తప్పేమీ లేదు. అయితే 2005లో ఇంటెల్, ఆ మరుసటి ఏడు ఏఎండీ ఆ కష్టాన్ని చిప్‌లోకే దించేశాయి. ఇజ్రాయెల్‌లోని క్యుమ్రానెట్ కంపెనీలో అవీ కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. గెస్ట్‌కి డిస్కు, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టు నటించే పనిని ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన క్యూఎము చేస్తుంది. గూగుల్ క్లౌడ్ నడిచేది కేవీఎం మీదే. అమెజాన్ కూడా 2017 నుంచి ఆ దారికే మళ్లింది. కాబట్టి ఇంజిను గురించి బెంగ అక్కర్లేదు. డబ్బు పోసి కొంటున్నది ఇంజినుని కాదు, దానిమీద కూర్చున్న నిర్వహణ పొరని, రాత్రి రెండింటికి ఏదైనా పడిపోతే బదులు చెప్పే మనిషిని.

ఆ నిర్వహణ పొరకి ఓపెన్‌సోర్స్‌లో ఇప్పుడు ఎక్కువమంది చూపు పడుతున్నది ప్రాక్స్‌మాక్స్ మీద. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఓ చిన్న కంపెనీ 2008లో మొదటి విడుదల తెచ్చింది. డెబియన్ లినక్స్ మీద కేవీఎం, బ్రౌజర్‌లో తెరుచుకునే నిర్వహణ తెర, క్లస్టర్, బ్యాకప్ అన్నీ ఏజీపీఎల్ లైసెన్సు కింద ఇస్తుంది. 2024లో వీఎంవేర్ నుంచి వీఎంలను నేరుగా లాక్కునే సదుపాయం కూడా చేర్చారు. వీఎంవేర్ నడుస్తున్న పాత హోస్ట్‌ని (ఈఎస్‌ఎక్స్‌ఐ) స్టోరేజ్‌లా కలిపితే అందులోని వీఎంలు వరసగా కనిపిస్తాయి. ఒకదాన్ని ఆపి, ఎంచుకుని, బటన్ నొక్కడమే. వీడియోల్లో పది నిమిషాల పని. బటన్ నొక్కడానికి ముందు జరగాల్సిన పనే అసలు విద్య.

మొదట జాబితా. ఏ వీఎం ఏ పని చేస్తోంది, ఎవరిది, ఆగితే ఎవరు ఫోన్ చేస్తారు? రాసుకుంటూ పోతే ఎవరికీ అక్కర్లేని వీఎంలు కొన్ని తప్పక బయటపడతాయి. వాటిని మోసుకెళ్లకండి. పాత స్నాప్‌షాట్లు చెరిపేయాలి, అవి ఉంటే దిగుమతి నత్తనడక నడుస్తుంది. వీఎంవేర్ టూల్స్‌ని పాత ఇంట్లో ఉండగానే తీసేయాలి. కొత్తచోటికి వచ్చాక అది తేలిగ్గా వదలదు. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకోవాలి, ఎందుకంటే వర్చువల్ టీపీఎంలోని రహస్యాలు వెంట రావు. ఐపీ చిరునామాలు కాగితం మీద రాసుకోవాలి. కొత్త నెట్‌వర్క్ కార్డు చూడగానే విండోస్ పాత అమరిక మర్చిపోతుంది. లినక్స్‌లో కార్డు పేరే మారి, నిన్నటి ఈఎన్‌ఎస్ 192 ఇవాళ ఈఎన్‌ఎస్ 18 అవుతుంది. సర్వర్ బాగానే లేచినా ఊరికి దారి తెలియక కూర్చుంటుంది.

విండోస్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది డిస్కు డ్రైవర్ వల్ల. వేగం కావాలంటే డిస్కుని వర్ట్‌ఐఓ పద్ధతిలో చూపాలి. బూట్ అయ్యే వేళకి ఆ డ్రైవర్ విండోస్ చేతిలో లేకపోతే నీలి తెరే. దీనికి అడ్మిన్లలో బాగా చెలామణిలో ఉన్న ఉపాయం ఒకటుంది. మొదటిసారి డిస్కుని మామూలు సాటాగా చూపి లేపాలి. పక్కనే ఒక్క గిగాబైటు ఖాళీ డిస్కుని వర్ట్‌ఐఓగా తగిలించి డ్రైవర్ ఎక్కించాలి. విండోస్ దాన్ని గుర్తించాక ఆపేసి, ఖాళీ డిస్కు పీకేసి, అసలు డిస్కుని వర్ట్‌ఐఓకి మార్చాలి. ఇక సాఫీగా లేస్తుంది.

అన్నిటినీ ఇలా మోయనక్కర్లేదు. డొమైన్ కంట్రోలర్‌ని తరలించడం కంటే కొత్తచోట ఇంకొకటి కట్టి, పాతదాన్ని దించేయడం మేలు. డేటాబేసులకి కూడా వీలైతే వాటి సొంత రెప్లికేషన్‌నే నమ్ముతాను. డేటాబేసు రోజంతా రెండుచోట్లా నడిచి, చివర్లో కొన్ని నిమిషాలే ఆగుతుంది.

స్టోరేజ్ సంగతి తొందరగా తేల్చేది కాదు. వీఎంవేర్‌లోని వీఎంఎఫ్‌ఎస్‌లా అన్ని హోస్టులూ ఒకేసారి పంచుకునే ఫైల్‌సిస్టమ్ ప్రాక్స్‌మాక్స్‌లో సిద్ధంగా దొరకదు. హోస్టుల డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపే సెఫ్ ఉంది. దానికి కనీసం మూడు హోస్టులు, వేగమైన నెట్‌వర్క్ కావాలి; ప్రతి బైటునీ మూడుచోట్ల దాస్తుంది కనుక కొన్న డిస్కుల్లో మూడో వంతే చేతికొస్తుంది. రెండే సర్వర్లున్నవాళ్లు జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్‌తో సరిపెట్టుకోవచ్చు. అయితే అది కొన్ని నిమిషాలకొకసారి చేసే నకలు. హోస్ట్ హఠాత్తుగా పోతే ఆ మధ్య రాసినదంతా పోయినట్టే. ఆ నష్టం ఓర్చుకోగలమా అన్నది అడ్మిన్ కాదు, యజమాని చెప్పాలి. ఇంకోమాట: రెండు హోస్టుల క్లస్టర్‌లో ఒకటి పడిపోతే మిగిలినదానికి మెజారిటీ ఉండదు. మూడో ఓటుకి ఏదో చిన్న యంత్రాన్ని పక్కన పెట్టాలి.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. భారాన్ని చూసి వీఎంలను తనంతట తానే అటూ ఇటూ సర్దే వీఎంవేర్ డీఆర్‌ఎస్ అంతటి పనితనం ప్రాక్స్‌మాక్స్‌లో లేదు. వీఎంవేర్ మీద నడిపితేనే సపోర్ట్ ఇస్తామనే సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. ప్రాక్స్‌మాక్స్ కంపెనీ నేరుగా ఇచ్చే సపోర్ట్ ఆస్ట్రియా ఆఫీసు వేళల్లోనే. రాత్రిపూట బదులు కావాలంటే మన ఊళ్లో తెలిసినవాడిని వెతుక్కోవాలి, లేదా మన మనిషినే తయారుచేసుకోవాలి. లైసెన్సులో మిగిలిన డబ్బులో కొంత ఇక్కడ ఖర్చు పెట్టని సంస్థ ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. సాకెట్ లెక్కన అమ్మే ప్రాక్స్‌మాక్స్ చందా కూడా కట్టమనే అంటాను, అప్‌డేట్లు పరీక్షకి నిలిచాకే వస్తాయి.

మరి రేపు ఆ వియన్నా కంపెనీ మాత్రం బుద్ధి మార్చుకోదా? మార్చుకోవచ్చు. 2017 చివర్లో సిట్రిక్స్ తన ఉచిత జెన్‌సర్వర్‌లోంచి చాలా సదుపాయాలు లాగేసుకుంది. దాని అడుగున ఉన్న జెన్ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓపెన్‌సోర్స్ కోడ్. ఫ్రాన్స్‌లోని వేట్స్ కంపెనీ ఆ కోడ్ తీసుకుని, విరాళాలు పోగుచేసి, 2018లో ఎక్స్‌సీపీ-ఎన్‌జీ పేరుతో తీసేసిన సదుపాయాలతో సహా విడుదల చేసింది. జెన్‌సర్వర్ వాడేవాళ్లకి వెళ్లడానికో చోటు దొరికింది. వీఎంవేర్ వాడుకరులకి ఆ అవకాశం లేదు, కోడ్ వాళ్ల చేతిలో లేదు గనక.

తొందరపడి ఒక్క వారాంతంలో అంతా మార్చేయాల్సిన పని లేదు. శాశ్వత లైసెన్సు కొన్నవాళ్లు పాతది నడుపుకోవచ్చు. కాకపోతే వీఎంవేర్ వీస్ఫియర్ 7కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది, కనుక బయటి ప్రపంచానికి కనిపించే వీఎంలను ముందు తరలించాలి. అంతా వచ్చేశాక పాత హోస్టులను వెంటనే తుక్కుకి అమ్మకుండా ఒక నెలాఖరు లెక్కలు గడిచేదాకా ఉంచండి. ఆలోగా ఒకరోజు, అందరూ ఆఫీసులో ఉన్న పట్టపగలు, కొత్త క్లస్టర్‌లో ఒక హోస్ట్ కరెంటు తీగ పీకి చూడండి.