వకాలత్ నికాహ్‌, 'ప్రాక్సీ' అనే మాట

ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) రచించిన 'హిదాయా'లో నికాహ్ ప్రకరణం క్రింద వకాలత్‌ను గురించి ఒక చిన్న భాగం ఉంది. ఛార్లెస్ హామిల్టన్ 1791లో ఈ గ్రంథాన్ని ఆంగ్లంలో వెలువరించినప్పుడు అరబీ మూలాన్ని పట్టుకోలేదు. వారన్ హేస్టింగ్స్ కాలంలో మౌల్వీల చేత చేయించిన పార్సీ అనువాదాన్ని ఆధారం చేసుకున్నాడు. అనువాదానికి అనువాదమైన ఆ గ్రంథమే చాలాకాలం బ్రిటిష్ ఇండియా న్యాయస్థానాలకు హనఫీ ధర్మశాస్త్రంగా చెలామణి అయింది. పెండ్లిలో ఒకరి తరపున మాట్లాడే వ్యక్తిని ఆంగ్లంలో 'ఏజెంట్' అనీ 'ప్రాక్సీ' అనీ వ్రాయడం అలవాటుగా స్థిరపడింది. ఆ రెండు మాటలు ఇప్పుడు గ్రంథాలయాల అరల్లో లేవు, వీసా ఫారాల మీద ఉన్నాయి. బోధన్‌లోనో నిజామాబాద్‌లోనో నికాహ్ అయి, షికాగోలో ఉన్న భర్త వద్దకు వెళ్ళవలసిన అమ్మాయి భవిష్యత్తు వాటి అర్థం మీద ఆధారపడి ఉంటున్నది. అందుచేత ఆ పదాలను పరీక్షించి చూడడం అవసరం.

మర్గీనానీ వాదం స్పష్టమైనది. అమ్మకపు వ్యవహారంలో వకీలు ఒప్పందానికి తానే కర్త. సరుకు అప్పగించవలసినవాడు అతడే, ధర అడగవలసినవాడూ అతడే. నికాహ్‌లో వకీలు కేవలం సఫీర్, ముఅబ్బిర్. అనగా రాయబారి, మాటను వ్యక్తం చేసేవాడు. ఒప్పందంలోని హక్కులు ఏవీ అతని మీద వ్రాలవు. తానుగా పూచీ పడితే తప్ప మహర్ అతణ్ణి అడగరు. ఫలానావారి కొరకు స్వీకరించాను అనక, నేను స్వీకరించాను అని ఊరుకుంటే నికాహ్ అతనికే జరిగిపోతుందని ఫుఖహాలు హెచ్చరించారు. కాబట్టి ఇక్కడ వకీలు ఒకరి స్థానంలో కూర్చున్నవాడు కాడు, ఒకరి మాటను మోసుకువచ్చినవాడు. 'ప్రాక్సీ' అనే మాట ఈ భేదాన్ని మింగివేస్తుంది. ఆ మాట కంపెనీ వాటాదారుల సమావేశాలలో, ఓట్ల వ్యవహారంలో వినబడేది. కాలేజీ కుర్రవాళ్ళ నోట దానికి మరింత నీచమైన అర్థం ఉంది: రానివాడి హాజరు వేయించడం. నికాహ్‌కు ఆ మాట తగిలించగానే వినేవాడి మనసులో ఒక అనుమానం పుడుతుంది. తప్పు నికాహ్‌లో లేకపోయినా మాటలో ఉంది.

దక్కను ప్రాంతపు నికాహ్ ఎలా జరుగుతుందో ఒకసారి గమనించాలి. మాలపల్లిలోనైనా, బోధన్ రాకాసిపేటలోనైనా, వధువు జనానాలో ఉంటుంది. ఆమె వకీలు ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, వరుని పేరు, తండ్రి పేరు, మహర్ మొత్తం చెప్పి ఇజాజత్ తీసుకుంటాడు. బయటికి వచ్చి ఖాజీకి ఆ సంగతి తెలుపుతాడు. ఖుత్బా అయిన పిదప వరుడు ఖబూల్ చెబుతాడు. సియాహాలో వధూవరులతో పాటు వకీలు, సాక్షులు కూడా దస్తఖతు చేస్తారు. వధూవరులు ఒకే ఇంటిలో, ఒకే షాదీఖానాలో ఉన్నారు. కాని ఒకరి ఎదుట ఒకరు లేరు. వకీలు ఇద్దరి నడుమ గోడను దాటివచ్చిన మనిషి మాత్రమే. సముద్రం అవతలి వరుని పక్షాన నిలబడే వకీలు వేరు. హనఫీ ఫిఖ్‌హ్ దృష్టిలో రెండూ సక్రమమే. కాని వీసా అధికారి దృష్టిలో రెంటికీ మధ్య యోజనాల దూరం ఉండాలి. ఉందా?

అమెరికా చట్టం చూద్దాం. 1952 నాటి ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్, సెక్షన్ 101(ఎ)(35) భార్య, భర్త అనే మాటలకు నిర్వచనం చెబుతూ, ఇరువురూ ఒకరి సమక్షంలో ఒకరు భౌతికంగా లేకుండా జరిగిన తంతువల్ల ఏర్పడిన దాంపత్యాన్ని మినహాయించింది. ఆ తర్వాత దాంపత్య సంగమం జరిగి ఉంటే మినహాయింపు తొలగిపోతుంది. 'ఒకరి సమక్షంలో ఒకరు' అనే మాటను అక్షరాలా పట్టుకుంటే పరదా పాటించే ప్రతి దక్కనీ నికాహ్ ఆ వాక్యంలో చిక్కుకుంటుంది. నికాహ్ తర్వాత కాపురం చేసినవారిని తుది షరతు బయట వేస్తుంది గనుక ఇది పెద్దగా కనబడదు. కాని ఆ వాక్యం వ్రాసినవారి ఊహలో ఉన్నది చర్చి, వేదిక, ఎదురెదురుగా నిలబడ్డ జంట. జనానా వారి ఊహలో లేదు.

ఈ వాక్యానికి ఒక చరిత్ర కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాలలో హవాయీ, కాలిఫోర్నియాలలో పనిచేసే జపాన్, కొరియా కూలీలు ఫొటో చూసి వధువును ఎంచుకునేవారు. పెండ్లి స్వదేశంలో, వరుడు లేకుండానే నమోదయ్యేది. వధువు ఓడలో వచ్చేది. అమెరికాలో ఆసియా వాసుల పట్ల విద్వేషం పెచ్చుపెరిగి, 1920లో జపాన్ ప్రభుత్వమే ఈ వధువులకు పాస్‌పోర్టులు ఇవ్వడం మానవలసి వచ్చింది. 1924 చట్టం ప్రాక్సీ వివాహాన్నీ, ఫొటో వివాహాన్నీ ఒకే గాటన కట్టి 'భార్య' అనే మాట నుండి నిరపేక్షంగా తొలగించింది. 1952 చట్టం కొంత సడలించింది. అంటే నేడు నిజామాబాద్ అమ్మాయిని ఆపుతున్న వాక్యం, మొదట జపాన్ వ్యవసాయ కూలీ భార్యను ఆపడానికి పుట్టింది.

సంగమం తంతు తర్వాతే జరిగి ఉండాలన్న నియమం ఎంత కఠినమో ఒక ఉదంతం చాలు. 2008లో ఇరాక్‌లో మరణించిన ఒక అమెరికా సైనికుడు, మరణానికి ముందు నెలలో, జపాన్‌లో ఉన్న గర్భవతియైన వధువును టెలిఫోను ద్వారా వివాహమాడాడు. సైన్యం ఆ వివాహాన్ని గుర్తించింది. వలస శాఖ గుర్తించలేదు. వారిద్దరూ కలిసి ఉన్నది పెండ్లికి ముందు, తర్వాత కాదు! బిడ్డ సాక్ష్యం కూడా చాలలేదు. చివరకు 2010లో ఆమె ఒక్కతె కొరకు అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక శాసనం చేయవలసి వచ్చింది. సైనికుని భార్యకే ఇంత ప్రయాస అయితే బోధన్ వధువు కొరకు శాసనం చేసేదెవరు?

కెనడా మాటల కూర్పు వేరు. 2015 జూన్ 11 నుండి అమలైన నిబంధన ప్రకారం, వివాహ సమయంలో దంపతులలో ఏ ఒక్కరైనా తంతులో భౌతికంగా హాజరు కాకపోతే ఆ వివాహం మీద స్పాన్సర్‌షిప్ చెల్లదు. ప్రాక్సీ, టెలిఫోను, ఫ్యాక్స్, ఇంటర్నెట్ అన్నీ ఇందులో చేరాయి. సాయుధ దళాల వారికి సడలింపు ఉంది. ఇక్కడ 'ఒకరి సమక్షంలో ఒకరు' అన్న మాట లేదు. 'తంతుకు హాజరు' అన్న మాట ఉంది. కనుక జనానాలో ఉన్న వధువుకు ఇబ్బంది లేదు. కాని తర్వాత పదేళ్ళు కాపురం చేసినా ఆ తొలి గైర్హాజరు మాసిపోదు. అమెరికా చట్టం వాక్యంలో ఇరుకు, షరతులో విశాలం. కెనడాది వాక్యంలో విశాలం, షరతులో ఇరుకు.

ఇంగ్లండు న్యాయమూర్తులు మాత్రం మర్గీనానీకి దగ్గరగా వచ్చారు. ఆప్ట్ వర్సెస్ ఆప్ట్ కేసులో వధువు ఇంగ్లండులో ఉంది, వరుడు అర్జెంటీనాలో. ఆమె ఇచ్చిన అధికారపత్రంతో బ్యూనస్ ఏరీస్‌లో మరొకరు ఆమె తరపున నిలబడ్డారు. ప్రాక్సీ అనేది సమ్మతిని తెలియజేసే పద్ధతి మాత్రమే, సమ్మతి కాదు, పద్ధతిని నిర్ణయించేది తంతు జరిగిన చోటి చట్టం అని 1947లో అప్పీలు కోర్టు తీర్మానించింది. సఫీర్, ముఅబ్బిర్ అనే రెండు అరబీ మాటలను ఎన్నడూ వినని న్యాయమూర్తులు వాటి సారాన్ని పట్టుకున్నారు. హామిల్టన్ వారసత్వంలో పెరిగిన న్యాయశాస్త్రం ఇంతదూరం వచ్చిందంటే విశేషమే. అయినా వీసాకు అది ఒక్కటే చాలదు. భార్యాభర్తలు ఒకసారైనా ముఖాముఖి కలిసి ఉండాలని బ్రిటిష్ వలస నిబంధనలు కోరుతున్నాయి. 2008లో ఒక టెలిఫోను నికాహ్‌ను అదే అప్పీలు కోర్టు గుర్తించ నిరాకరించింది. అక్కడ అడ్డువచ్చింది ఫోను కాదు. సమ్మతి తెలిపేంత మానసిక స్తోమత వరునికి లేకపోవడం.

ఆంగ్ల చట్టాలను ఇంతగా విమర్శించాక ఇటువైపు రచనలనూ విడిచిపెట్టరాదు. టెలిఫోను నికాహ్‌ను సమర్థించేవారు ఉమ్ముల్ మూమినీన్ హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) నికాహ్‌ను ఉదాహరిస్తారు. ఆమె హబషాలో, దైవప్రవక్త (స) మదీనాలో. నజాషీ రాజు సభలో నికాహ్ జరిగింది. ఆమె తరపున హజ్రత్ ఖాలిద్ బిన్ సయీద్ (రజి) వకీలు. మదీనా నుండి సందేశం తెచ్చినవారు హజ్రత్ అమ్ర్ బిన్ ఉమయ్యా (రజి). మహర్ నాలుగు వందల దీనార్లని కొన్ని ఉల్లేఖనాలలో, నాలుగు వేల దిర్హములని అబూ దావూద్‌లో ఉంది. దానిని నజాషీయే చెల్లించాడు. ఈ సంఘటన వకాలత్‌కు తిరుగులేని ఆధారం. టెలిఫోనుకు కాదు. ఎందుకంటే ఆ సభలో ఈజాబ్ పలికినవారూ, ఖబూల్ పలికినవారూ, విన్నవారూ ఒకే చోట ఉన్నారు. దూరాన ఉన్నవారు మనుషుల్ని నియమించారు, తమ గొంతును పంపలేదు. ఈజాబ్ ఖబూల్ ఒకే మజ్లిస్‌లో జరగాలి, సాక్షులు రెంటినీ వినాలి అన్నది హనఫీ నియమం. ముల్లా గ్రంథంలోనూ ఒకరి తరపున ప్రతిపాదన చేయవచ్చుననీ, అంతా ఒకే సమావేశంలో ముగియాలనీ ఉంది. జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1990లో నూతన సాధనాల ద్వారా జరిగే వ్యాపార ఒప్పందాలను అనుమతిస్తూనే, సాక్షుల షరతు దృష్ట్యా నికాహ్‌ను మినహాయించింది. కాబట్టి ఫోను ఉపయోగం వకీలును నియమించడం వరకే. ఖబూల్ చెప్పవలసినది మజ్లిస్‌లో ఉన్న వకీలు. గోడమీద తెర పెట్టి వరుని ముఖం చూపిస్తూ, వకీలు పేరు కూడా వ్రాయకుండా సియాహా నింపడం చట్టానికీ చాలదు, ఫిఖ్‌హ్‌కూ చాలదు.

నిజామాబాద్ జిల్లాకు ఈ ప్రశ్న కొత్తగా రాలేదు. నిజాంసాగర్ నీరు, చెరకు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ జీతం ఒక తరాన్ని ఊరిలో నిలబెట్టాయి. తర్వాతి తరం గల్ఫ్ దారి పట్టింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక నిలబడడానికి ఆ ఆసరా కూడా లేకపోయింది. గల్ఫ్‌లో సెలవు దొరకని వరునికి వకాలత్ నికాహ్ ఒక సదుపాయం. 2020 మార్చి నుండి రెండేళ్ళపాటు సాధారణ అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు అది గత్యంతరం లేని మార్గం కూడా అయింది. గల్ఫ్ వరుడు సెలవు మీద వస్తాడు, రుఖ్సతీ అవుతుంది, చిక్కు తీరుతుంది. అమెరికా, కెనడాల వలస వీసాకు అదే పద్ధతిని వాడబోయినప్పుడే అసలు ఇబ్బంది.

ఆ ఇబ్బంది పడేది అమ్మాయి. షరీఅత్‌లో ఆమె సంపూర్ణంగా భార్య. భర్త మరణిస్తే వారసురాలు. మహర్ నిర్ణయమై, ముట్టుకొనకముందే తలాక్ ఇస్తే సగం మహర్ ఆమె హక్కు (అల్ బఖరా: 237), ఇద్దత్ లేదు (అల్ అహ్‌జాబ్: 49). హనఫీలు ఖిల్వతె సహీహాను, అంటే అడ్డంకిలేని ఏకాంతాన్ని, మహర్ విషయంలో సంగమంతో సమానం చేశారు; అమెరికా చట్టపు మాటకు ఆ విశాలత లేదు. ఆమె మరొకరిని వివాహమాడలేదు. వీసా అధికారి దృష్టిలో భార్య కాదు, పెండ్లి సంబంధాలు చూసేవారి దృష్టిలో కన్య కాదు. భర్త మాట్లాడడం మానివేస్తే 1939 నాటి వివాహ విచ్ఛేద చట్టం క్రింద భరణం ఇవ్వనందుకు రెండేళ్ళు, దాంపత్య బాధ్యతలు నెరవేర్చనందుకు మూడేళ్ళు ఎదురుచూసి కోర్టుకెక్కాలి. తొందరపడి వకాలత్ నికాహ్ చేసే పెద్దలు మహర్ మొత్తం గురించి గంటలు చర్చిస్తారు, ఈ సంవత్సరాలను లెక్కకట్టరు.

కొందరు కనిపెట్టిన ఉపాయం దీనికంటే చెడ్డది. మొదటి నికాహ్ దాచి, వరుడు వచ్చినప్పుడు మరో సియాహా నింపించి, మొదటిది లేనే లేదని ఇంటర్వ్యూలో చెప్పడం. అది దొరికితే అమెరికా చట్టంలో బుద్ధిపూర్వక అసత్యంగా పరిగణిస్తారు. మినహాయింపు లభిస్తే తప్ప జీవితాంతం ప్రవేశం లేదు. అబద్ధపు సాక్ష్యంగా షరీఅత్‌లో దాని సంగతి చెప్పనక్కరలేదు. నిజం చెప్పేందుకు దారులున్నాయి. వరుడు వచ్చి కాపురం చేసి, పాస్‌పోర్టు ముద్రలతో ఆ సంగతి చూపవచ్చు. కెనడాకైతే ఇద్దరూ హాజరై తజ్దీదె నికాహ్ చేసుకుని, రెండు తేదీలనూ బయటపెట్టవచ్చు. అమెరికా పౌరుడైతే, సంగమం జరగని వకాలత్ వధువును ఆ దేశపు నియమావళి 'కాబోయే భార్య' తరగతిలో పరిశీలిస్తుంది. రెండేళ్ళలోపు ఒకసారి ముఖాముఖి కలిసి ఉండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవానికి ఈ దారి లేదు. నికాహ్ అయిన స్త్రీని మంగేతర్ అని వ్రాయడం అబద్ధం కాదా అని మనసు పీకేవారు ఉంటారు. నికాహ్ సంగతి దాచకుండా చెప్పినప్పుడు, ఆ మాట చట్టం పెట్టిన తరగతి పేరు మాత్రమే. వధువు ఇచ్చిన వాఙ్మూలం కాదు.

చివరగా అనువాదకుల పని. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు సియాహా ఆధారంగా ఆంగ్ల వివాహ పత్రం జారీ చేస్తూ వచ్చింది. ఊళ్ళలో ప్రైవేటు అనువాదకులూ ఉర్దూ సియాహాను ఆంగ్లంలోకి మారుస్తారు. వకీలు గడి దగ్గర 'ప్రాక్సీ' అని వ్రాస్తే, పక్కగదిలో కూర్చున్న వధువు సైతం గైర్హాజరైనట్టు అర్థం వస్తుంది. వకీలు ఎవరి పక్షాన నిలబడ్డాడో, ఆ పక్షం ఆ వేళ ఎక్కడ ఉన్నదో గడిలో తేటగా వ్రాయాలి. వధువు ఇంటిలోనే ఉంటే, ఆమె సమ్మతిని సాక్షులతో విని తెలియజేసినవాడని. వరుడు విదేశంలో ఉంటే, ఫలానా తేదీ వకాలత్‌నామా మీద వరుని పక్షాన ఖబూల్ చెప్పినవాడని. మొదటిది వ్రాస్తే అమ్మాయికి లేనిపోని ఆటంకం రాదు. రెండవది దాస్తే ఆటంకం తప్పదు. మూల సియాహాలో వకీలు గడి ఖాళీగా ఉంటే అనువాదకుడు దానిని ఖాళీగానే చూపాలి. దానిని నింపే అధికారం ఖాజీకీ సాక్షులకూ ఉంది గాని అతనికి లేదు.