పద్యమా, లెక్కయా?

పావులూరి మల్లన వ్రాసిన సారసంగ్రహ గణితమును ఏ బీరువాలో పెట్టవలెను? గణిత గ్రంథములున్న దానిలోనా, కావ్యములున్న దానిలోనా? ప్రశ్న చిన్నదే. కాని ఆ పుస్తకము విద్యార్థి కంట బడుటయు పడకపోవుటయు దీనిని బట్టియే యుండును.

9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన నన్నయకు సమకాలికుడా, తరువాతివాడా అను వాదము మనకిక్కడ అక్కరలేదు. ఆయన పేర ప్రసిద్ధమైన చంపకమాల యొకటి కలదు. చదరంగపు పలకమీద మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టించుచు పోయినచో 64 గళ్లకు మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరువది యంకెలను మల్లన మాటలతో చెప్పెను. చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, రంధ్రములన్న 9, ఆకాశమన్న 0. వీనిని ఒకట్ల స్థానమునుండి ఎడమకు వరుసగా పేర్చెను.

ఇందు ఛందస్సు అలంకారము కాదు, పనిముట్టు. 7 అను అంకెకు కొండను తెలుపు పేర్లు అనేకమున్నవి. గణమునకు, యతికి సరిపడునది కవి ఏరుకొనును. తాటియాకుమీద వ్రాయువాడు ఒక మాటను జారవిడిచినచో గణము తప్పును, చదువరి పట్టుకొనును. (అదే తూకముగల వేరొక మాట పడినచో మాత్రము ఛందస్సు కాపాడలేదు.) లెక్కను విడదీసినచో పద్యమునకు అర్థము లేదు; పద్యమును విడదీసినచో లెక్కకు కాపు లేదు.

ఇందు రసము లేదు గనుక ఇది కావ్యము కాదని ఆలంకారికులు అనవచ్చును. ఒప్పుకొందము. చిక్కు అక్కడ లేదు. పద్యము గదా యని లెక్కల మాష్టారు, లెక్క గదా యని తెలుగు మాష్టారు, ఇద్దరును దీనిని దాటిపోవుటకు ఈ విభజనయే సాకగుచున్నది.

విభాగము లేనిదే శాస్త్రము లేదని మా విజ్ఞానశాస్త్ర బోధకులు అందురు. నిజమే. అయినను యూగ్లీనాను చూడుడు. పత్రహరితముతో ఆహారము చేసికొనును, కశాభముతో ఈదును. మొక్కయా, జంతువా? ఇట్టి జీవులకై 1866లో హెకెల్ ప్రోటిస్టా యను వేరు రాజ్యమునే ప్రతిపాదించెను. అయినను వృక్షశాస్త్రజ్ఞులును జంతుశాస్త్రజ్ఞులును దానిని తమ తమ పాఠములలో చేర్చుకొనిరి. ఏకకణ జీవికి రెండు తరగతులలో చోటు దొరకినది, మల్లనకు ఒక్కదానిలోను దొరకలేదు.

ఈ గోడలను లక్ష్యపెట్టనివాడు మన మెట్టసీమలోనే పుట్టెను. 1877లో నందిగామ తాలూకాలో, మునియేటి యొడ్డున, పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో ముఖ్యుడు. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, దేశచరిత్ర, నవల, అన్నియు ఆ ఒక్క గ్రంథమాలలోనే వెలువడెను. నవలకై చందా కట్టినవాని యింటికి రసాయనశాస్త్రము కూడ చేరెను. ఏ పండితుని వర్గీకరణమును ఇంతటి మేలు చేసియుండదని నా యభిప్రాయము.

పుస్తకము ఒక్క బీరువాలోనే యుండగలదు, ఆ మాట నిజము. గ్రంథాలయ సూచిలో మాత్రము ఒకే పుస్తకమునకు రెండు కార్డులుండవచ్చును. జగ్గయ్యపేటలోగాని నందిగామలోగాని ఒక ఉన్నత పాఠశాలలో మల్లనకు గణితము క్రింద నొకటి, సాహిత్యము క్రింద నొకటి వ్రాసి చూడరాదా? ఖర్చు ఒక అట్టముక్క.