సెల్‌ఫోను చరిత్రలో మరచిపోయిన సెల్లు

సెల్‌ఫోను పరిణామమును గూర్చి తెలుగులో వ్యాసములకు కొదువ లేదు. పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో ఈ విషయముపై అట్టబొమ్మలు తరచు కనబడుచునే యుండును. వీనిలో పెక్కు ఒకే మూసలో పోసినట్లుండును. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీథిలో మార్టిన్ కూపర్ ఒక కిలోగ్రాముకు పైబడిన ఫోను చేతబట్టి మాటలాడెను. 1983లో మోటరోలా వారి ఫోను విపణిలోనికి వచ్చెను. ఆ తరువాత మొదటి తరము, రెండవ తరము అనుచు అయిదవ తరము వరకు మెట్లు.

ఈ తేదీలు సరియైనవే. ఈ క్రమము జ్ఞాపకముంచుకొనుట సులభమే. కాని తరగతిలో ఒక విద్యార్థి లేచి, “అయ్యా, దీనిని సెల్లు అని ఏల అందురు?” అని అడిగినచో ఆ వ్యాసములలో జవాబు దొరకదు. మన వ్యాసములలోని ముఖ్యమైన లోపము ఇదియే. అవి చేతిలోని పరికరము యొక్క చరిత్రను చెప్పి, దానిని పనిచేయించు ఏర్పాటు యొక్క చరిత్రను విడిచిపెట్టుచున్నవి.

పండితులు కల్పించిన ‘చరవాణి’ అను మాట వినుటకు ఇంపుగనే యున్నది. కాని కదలుచు మాటలాడుట సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున 1946లోనే కార్లలో టెలిఫోను ఉండెను. విజయవాడ కూరగాయల బజారులో అమ్మకందారు ‘సెల్లు’ అని పలుకునప్పుడు, తెలియకయే అసలు సూత్రమును పలుకుచున్నాడు. జీవశాస్త్రమున సెల్లు అనగా కణము, విద్యుచ్ఛాస్త్రమున ఘటము. ఇచ్చట తేనెపట్టులోని గది వంటి గడి అని అర్థము.

ఈ గడి ఎందులకు? రేడియో తరంగములు అందరికి ఉమ్మడి ఆస్తి. ఒకే పౌనఃపున్యముపై ఒకే చోట ఇద్దరు మాటలాడినచో ఒకరి మాట మరియొకరికి అడ్డగును. పాత పద్ధతిలో ఊరి నడుమ ఎత్తైన స్తంభము నిలిపి, అధిక శక్తితో ఊరంతటికి ప్రసారము చేసెడివారు. 1976 నాటికి కూడ న్యూయార్కు వంటి మహానగరములో ఈ సేవకు 12 మార్గములే యుండుటచే 545 మందికి మాత్రమే ఫోను లభించెను. 3,700 మంది తమ వంతుకై వేచియుండిరి. ఫోను ఎంత చిన్నదైనను ఈ చిక్కు తీరదు.

దీనికి ఉపాయమును బెల్ ప్రయోగశాలలోని డి. హెచ్. రింగ్ 1947లోనే వ్రాసిపెట్టెను. ఊరిని చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలో తక్కువ శక్తిగల ప్రసార స్తంభమును నిలుపవలెను. ప్రక్క గడులకు వేరు పౌనఃపున్యములు ఇచ్చి, దూరపు గడిలో మొదటి పౌనఃపున్యమునే మరల వాడుకొనవలెను.

విజయవాడకు అన్వయించి ఒక లెక్క చూతము. మన దేశములో రాష్ట్రపు సర్కిళ్లలోని సంస్థకు అనుమతిపత్రముతో తొలుత లభించినది ఒక్కొక్క దిశకు 4.4 మెగాహెర్ట్జులు. రెండవ తరపు పద్ధతిలో ఒక్కొక్క వాహక తరంగమునకు 0.2 మెగాహెర్ట్జు కావలెను. అనగా 22 తరంగములు. ఒక్కొక్కదానిపై 8 మంది వంతులవారీగా మాటలాడవచ్చును. మొత్తము 176 సంభాషణలు. ఇంద్రకీలాద్రిపై ఒకే స్తంభమును నిలిపినచో, పది లక్షలకు మించిన జనముగల నగరములో ఏకకాలమున 176 మంది చందాదారులకే అవకాశము! అదే నగరమును 70 గడులుగా చేసి, 7 గడుల గుంపునకు ఒకసారి చొప్పున ఆ 22 తరంగములనే పంచినచో, పది గుంపులలో 1,760 సంభాషణలు సాగును. సంకేతములకు పోవు కొంత భాగమును లెక్కలో విడిచితిమి. గడి వ్యాసార్థమును సగము చేసినచో గడుల సంఖ్య నాలుగింతలగును, సంభాషణలును నాలుగింతలగును. తరంగము ఒక్కటియు పెరుగలేదు. సెల్‌ఫోను విప్లవమంతయు ఈ గుణకారములో నున్నది.

గడులు వచ్చిన పిదప మరొక సమస్య వచ్చెను. విజయవాడలో బస్సెక్కి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా మచిలీపట్నము పోవువాడు దారిలో ఎన్నో గడులు దాటును. ప్రతి గడి సంభాషణను తెగకుండ తరువాతి గడికి అప్పగింపవలెను. ఇందులకు వేగముగా లెక్కించు యంత్రములు కావలెను. ఆలోచన 1947 నాటిదైనను, టోకియోలో సేవ 1979లో గాని రాకపోవుటకు ఇది ఒక ముఖ్య కారణము. మెట్ల చరిత్ర ఈ ముప్పది రెండేండ్ల నిరీక్షణను గూర్చి ఒక్క మాటయు చెప్పదు.

తరముల మెట్లలో మరియొక లోపమున్నది. అవి అన్ని దేశములు ఒకే దారిన నడచినట్లు భ్రమ కల్పించును. మన దేశమున 1995 జులై 31న కలకత్తా నుండి జ్యోతి బసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో ఆరంభమైన సేవ రెండవ తరమునకు చెందినది. ప్రజలకు విరివిగా అందుటలో మనము మొదటి మెట్టు ఎక్కనేలేదు. ఇక ఫోను సామాన్యుని జేబులోనికి వచ్చుటకు తరము మారుట యొక్కటే కారణము కాదు. ఆదిలో వచ్చిన కాలునకు గూడ డబ్బు చెల్లింపవలసి యుండెను. 2003 మే నెలలో చేసినవాడే చెల్లించు పద్ధతి వచ్చిన పిదప ఆ భారము తొలగెను. సుంకముల చరిత్ర లేని సాంకేతిక చరిత్ర అసంపూర్ణము.

అన్నింటికంటె గట్టి ఆక్షేపణ వేరొకటి యున్నది. ఈ వ్యాసములు విజయములనే చెప్పి, ఏర్పాటు ఎచ్చట తెగిపోవునో చెప్పవు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినప్పుడు విద్యుత్తు ఆగెను. చార్జింగు లేక చేతులలోని ఫోనులు మూగవోయెను. అయిదవ తరపు ఫోనైనను బ్యాటరీ ఇంకినచో ఒక గాజుపలకయే. టవరునకును విద్యుత్తు కావలెను. అది లేనప్పుడు బ్యాటరీయో డీజిల్ జనరేటరో ఆదుకొనవలెను. టవరు నుండి మాట ముందుకు సాగుటకు ఆప్టికల్ ఫైబరో మైక్రోవేవ్ లంకెయో చెడకుండ నిలువవలెను. గాలిలో తేలివచ్చినదని మనము తలచు మాట గాలిలో నడచునది చాల వరకు కడపటి కొలది దూరమే.

ఇదే గడి మనకు రక్షణయు కాగలదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణములను బలిగొనెను. ఆ నాడు తీరగ్రామములలో ప్రతి మనిషికి హెచ్చరిక చేర్చు సాధనము లేకుండెను. నేడు టవరు తన గడిలోని ఫోనులన్నిటికి ఒకేసారి హెచ్చరికను పంపగలదు. వేరువేరుగా కాలు చేయనక్కరలేదు. 2023లో దేశమున పలుచోట్ల ఫోనులు ఒక్కసారిగా పెద్దగా మ్రోగినది ఈ పద్ధతి పరీక్షకే. ఎవరి సంఖ్యలును తెలియకున్నను, ఫలానా గడిలో నున్నవారందరికి ఈ మాట చేరును. టవరు నిలిచి, ఫోనులో చార్జింగు ఉన్నచో మాత్రమే చేరును. గడి యన నేమో తెలియని విద్యార్థికి ఈ శక్తియు బోధపడదు, ఈ షరతును బోధపడదు.

కావున ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తరముల పట్టికను తీసివేయనక్కరలేదు. దానిని రెండవ పుటకు పంపుడు. మొదటి పుటలో మీ ఊరి పటము గీయించి, దానిపై ఆరు భుజముల గడులు వేయించి, ఏడు రంగులు ఇచ్చి, ఒకే రంగు గడులు రెండు ఆనుకొనకుండ నింపుడని విద్యార్థులతో చెప్పుడు. పిదప పై లెక్క చేయింపుడు. చివర, విద్యుత్తు పోయిన గడిని నల్లగా పూయించి, అందులోనివారికి వార్త ఎట్లు చేరునని అడుగుడు. కృష్ణ ఒడ్డున నివసించు బాలబాలికలకు ఇది కేవలము పరీక్షలో అడుగు ప్రశ్న కాదు.