తుమ్మచెక్కలోని నలుపు

పాత ఎడ్లబండిని దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నల్లతుమ్మ చెక్కలో ఇనుప మొల దిగినచోట చుట్టూ నల్లటి మచ్చ పడుతుంది. వానకు తడిసినకొద్దీ ముదురుతుంది, గీకినా పోదు. ధర్మసాగర్‌లో మా వాడకట్టు వడ్ల తాత దాన్ని చూపించి, "తుమ్మకు ఇనుమంటే పడది బిడ్డా, అంటితే నల్లవడ్తది" అనేవాడు. ఆయన లెక్కలో అది చెక్కకు వచ్చిన చేటు. లేతు మీద తుమ్మ గిన్నెలు తిప్పే పనిలో పడ్డాక నేను ఆ మచ్చనే కోరి తెచ్చుకుంటున్నాను. గిన్నె మొత్తానికీ అదే కావాలి నాకు.

తుమ్మలో టానిన్ ఎక్కువ. దాని బెరడుతోనే మన పల్లెల్లో తరతరాలు తోళ్లు పదునుపెట్టారు. పులుపులో కరిగిన ఇనుము ఆ టానిన్‌ను చేరితే వెంటనే పెద్దగా రంగు రాదు. గాలి తగిలినకొద్దీ నీలి ఛాయతో నల్లబడుతుంది, నీళ్లకు కరగని పదార్థమై చెక్క నారల్లోనే నిలిచిపోతుంది. ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఇలాగే వస్తుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసిమి తయారుచేస్తారు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద ఆ కసిమితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయనూ అన్నభేదినీ కలిపి చేసిన సిరా కూడా ఇదే కుదురు. జపాన్‌లో ఒకప్పుడు పెళ్లయిన ఆడవాళ్లు ఇనుము నానిన పుల్లనీళ్లనూ మాచికాయలాంటి వగరు పొడినీ కలిపి పళ్లకు నలుపు పెట్టుకునేవారు. బట్ట, కాగితం, పన్ను, చెక్క అన్నిటా జరిగేది ఒక్కటే.

అందుకే నల్ల పెయింటు డబ్బా తెచ్చి గిన్నెకు పూయమంటే నాకు మనసొప్పదు. పెయింటు చెక్క మీద కూర్చుంటుంది. అంచు దగ్గర పెచ్చు లేచిందంటే కింద వేరే వస్తువు బయటపడుతుంది. ఇనుపనీళ్లతో వచ్చిన నలుపులో సగం ఆ చెట్టు సొంతం. పోగులు కనిపిస్తూనే ఉంటాయి, వేలికి చెక్కే తగులుతుంది.

పుట్టుకతోనే నల్లటి చెక్క మనకు లేదా అంటే, ఉంది. కోరమండల్ ఎబొనీ అని ప్రపంచం పిలిచే చెట్టు మన తునికే. విలియం రాక్స్‌బరో 1795లో కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఏటూరునాగారం వైపు అడవుల్లో ఎండాకాలం జనం కోసి కట్టలు కట్టేది దీని ఆకునే, బీడీల కోసం. లేత ఆకు రావాలని ఏటా పొదల్ని కొట్టేస్తారు కనుక అది మానై ఎదిగే సందర్భం తక్కువ. ఆ నల్ల చేవ ఏర్పడేది బాగా ముదిరిన చెట్టులోనే. అలాంటి చెట్టు ఒకటి మిగిలి ఉంటే దాన్ని గిన్నె కోసం పడగొట్టాలని ఎవరూ అనుకోకూడదు. తుమ్మకు ఆ బాధ లేదు. చెరువు శిఖంలో, పొలం గట్ల మీద దానంతటదే మొలుస్తుంది, నరికినదంతా ఎలాగూ పొయ్యిల్లోకే పోతుంది.

పచ్చి మొద్దును ఒకేసారి పలుచగా తిప్పితే ఆరేటప్పుడు వంకరపోతుంది, లేదా పగులుతుంది. ముందు మోటుగా తిప్పి గోడ మందం గిన్నె వెడల్పులో పదోవంతు ఉంచాలి. పోగు కొసలు తేలినచోట మైనం రాసి నెలల తరబడి నీడన పెట్టాలి. ఆరి, వంగాల్సినంత వంగాక మళ్లీ లేతు ఎక్కించి అసలు రూపం తీయాలి.

ఆ తర్వాత నునుపు. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. గోధుమరంగు చెక్క మీద గీతలు పోగుల్లో కలిసిపోతాయి. నలుపు అలా కలుపుకోదు, చిన్న గీత కూడా వెలుతురుకు తేలుతుంది. నూటిరవై నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దాటుతూ మూడు వందల ఇరవై దాకా పోవాలి. ప్రతి మెట్టు దగ్గరా లేతు ఆపి పోగు వెంట చేత్తో రుద్దాలి. ఆపై తడిగుడ్డతో తుడిస్తే లేవాల్సిన నూగు లేస్తుంది. ఆరాక దాన్ని తేలిగ్గా కోసేయాలి. ఇది ఇప్పుడే చేయకపోతే ఇనుపనీళ్లు తగిలినప్పుడు లేస్తుంది, అప్పుడు రుద్దితే నలుపే పోతుంది.

ఇనుపనీళ్లకు కమ్మరి కొలిమి దగ్గరి పాత మొలలు, ఇనుప రజను చాలు. గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచు పనికిరాదు, అది కరగదు. మొలల జిడ్డు కడిగేసి వెనిగర్‌లో వేయాలి. పుల్లబడి వెనిగరైపోయిన కల్లయినా సరే. గ్యాస్ పుడుతుంది కనుక సీసా మూత బిగించకూడదు, దగ్గర్లో నిప్పూ ఉండకూడదు. వారం పది రోజులకు గుడ్డలో వడకడితే సిద్ధం. తుమ్మ చేవ దానంతటదే నల్లబడుతుంది. బెరడు కింది తెల్లచెక్కలో టానిన్ తక్కువ, అక్కడ బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది. కరక్కాయ పొడి మరిగించిన నీళ్లు ముందు గిన్నె అంతటా పట్టించి ఆరబెడితే రెండూ ఒక్క రంగుకు వస్తాయి. ఇనుపనీళ్లు పూశాక నిమిషాల్లో మబ్బు కమ్మినట్టు నలుపు దిగుతుంది. ఆరితే మళ్లీ వెలిసిపోయి బూడిద పూసినట్టు కనిపిస్తుంది. కంగారు పడాల్సింది లేదు. మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె పెట్టగానే లోతైన నలుపు తిరిగొస్తుంది.

ఆ నూనె అవిసెది కావాలి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పుచ్చుకుని గట్టిపడుతుంది. కొబ్బరినూనె ఎన్నాళ్లయినా గట్టిపడదు, నువ్వులనూనె జిగటగా మిగిలిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో అమ్మే బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, తినేవి పెట్టే గిన్నెకు అది వద్దు. పలుచగా రాసి, కాసేపాగి మిగిలిందంతా తుడిచేయాలి. రోజులు ఆగి మళ్లీ రాయాలి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరచండి. చివరగా కాస్త తేనెమైనం.

లక్క మెరుపు అందమైనదే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే కరిగి రంగు అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ రంగూ మెరుపూ కలిసే వస్తాయి, కనుక లక్కే సరైనది. నా గిన్నెలో రంగు చెక్క లోపలే ఉంది. దాని మీద అద్దంలాంటి పొర పెడితే కంటికి కిటికీ ప్రతిబింబం కనిపిస్తుంది కానీ గిన్నె ఒంపు కనిపించదు.

ఒంపు గురించి మాకు పాఠం దగ్గర్లోనే ఉంది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలో మెరుగుపెట్టిన నల్లరాతి స్తంభాలు లేతు మీద తిప్పినట్టే ఉంటాయి. ఒక్కో కట్టు దగ్గరా వెలుగు సన్నటి గీతై ఆగుతుంది, అక్కడ అంచు ఎంత పదునుగా ఉందో దాచడానికి రాతిలో వేరే రంగు లేదు. నల్లబరచాలనుకున్న గిన్నెకు అంచు తీసేటప్పుడు నేను ఆ కట్లనే తలచుకుంటాను. మొద్దుబారిన అంచు నలుపులో కనికరం లేకుండా తెలిసిపోతుంది.

ఇలాంటి గిన్నెలో వక్కలు, యాలకులు, పల్లీలు పెట్టుకోవచ్చు. పులుపు మాత్రం వద్దు. నిమ్మరసం, చింతపండు, మజ్జిగ ఇనుమును టానిన్ నుంచి లాగేస్తాయి, పడినచోట గోధుమరంగు మచ్చ తేలుతుంది. అలా జరిగితే ఆ చోట నూనె పొరను సాండ్‌పేపర్‌తో తీసేసి కరక్కాయ నీళ్లు, ఆరాక ఇనుపనీళ్లు పూయండి. మర్నాడు అవిసె నూనె పెడితే చుట్టుపక్కల నలుపులో కలిసిపోతుంది.