చెర నుండి పలాయనం: ఉత్కంఠకు మూలమేది?

సూరతు నగరంలోని డిండోలి ప్రాంతంలో, తెలంగాణము నుండి వలసపోయి మరమగ్గాలపై బ్రతుకుతున్న నేతవారి కుటుంబాలు ఉన్నవి. ఒకనాటి సాయంకాలం అక్కడి కొందరితో కూడి రొబేర్ బ్రెసోఁ అనే ఫ్రెంచి దర్శకుడు 1956లో తీసిన చిత్రాన్ని చూశాను. మరణశిక్ష పడిన ఒకడు తప్పించుకున్నాడని ఆ చిత్రం పేరే చెప్పివేస్తుంది. ముగింపు తెలిసిన కథలో ఇక చూడవలసినది ఏమున్నదని తొలుత ఒకరిద్దరు నవ్వారు. అరగంట గడిచేసరికి ఆ నవ్వు వినరాలేదు.

చెరసాల కథలలోని ఉత్కంఠకు 'తప్పించుకుంటాడా, లేదా' అన్న ప్రశ్నయే మూలమని సామాన్యంగా అనుకుంటాము. అది కుతూహలం మాత్రమే. జవాబు దొరకగానే చల్లారుతుంది. ఉత్కంఠ అంతకంటె లోతైనది. 1943లో లియోఁ నగరపు మోఁలుక్ చెరనుండి నిజముగా తప్పించుకున్న ఆంద్రె దెవిన్యీ అనుభవమే ఈ చిత్రానికి ఆధారం. ఇందులో నాయకుడు ఇనుప చెంచాను నేలపై అరగదీసి ఉలిగా మార్చి, తలుపు పలకల అతుకులను దినదినమూ తొలుస్తాడు. మంచపు తీగనూ గుడ్డపేలికలనూ కలిపి త్రాళ్లు పేనుతాడు. ఆ పని ఎట్లా సాగుతున్నదో మనకు తెలుసు, కాపలావానికి తెలియదు. కావుననే వసారాలో అడుగుల చప్పుడు వినబడగానే మన ఊపిరి ఆగుతుంది. కాపలావానిని చంపే ఘట్టాన్ని దర్శకుడు చూపనే లేదు. పైకప్పుమీది కంకర కరకరలాడుతుంటే, దూరాన పోయే రైలు మోత ఆ చప్పుడును కప్పివేసేదాకా వారు ఆగుతారు. నా ప్రక్కనున్న వృద్ధుడు మెల్లగా, "మోత మాకు ఇనబడదు సారూ, మోత ఆగితే ఇనబడ్తది" అన్నాడు. పోగు తెగి మగ్గం ఆగితే తల ఎత్తేవారికి ఈ చిత్రం వినడం వేరే నేర్పనక్కరలేదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మృచ్ఛకటికం ఆరవ అంకంలో ఆర్యకుడు చెరనుండి పారిపోయి, కాలిసంకెలతోనే చారుదత్తుని బండిలో దాగుకొంటాడు. సంకెల గలగలను విని బండివాడు వసంతసేన అందెల రవళి అనుకొని ఎద్దులను అదిలిస్తాడు. ఆ ధ్వని ఏమిటో ప్రేక్షకునికి తెలుసు. దారిలో కావలివారు ఉన్నారనీ తెలుసు. అసలు బిగువు ఆ తరువాతనే. బండిలోనికి చూచిన చందనకుడు శరణన్న ఆర్యకునికి అభయమిచ్చి, తోటివాడైన వీరకునితో చెప్పబోయి, 'ఆర్యుడు' అనవలసినంత పని చేసి 'ఆర్య' అని దిద్దుకొంటాడు. ఒక్క అక్షరం మీద ఒక రాజ్యం ఊగినది. మేము దాక్షిణాత్యులం, మా ఉచ్చారణ స్పష్టంగా ఉండదని సాకు చెబుతాడు. (దక్షిణాదివారమైన మనకు ఇక్కడ నవ్వూ వస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది.) ఇంతకూ ఆర్యకుని ప్రాణం గోడలోనూ లేదు, సంకెలలోనూ లేదు, ఒక కావలివాని మనస్సులో ఉన్నది.

పలాయన కథకు ఇదే ఆయువుపట్టని నా అభిప్రాయం. గోడ ఎంత ఎత్తయినా దానికి మనస్సు మారదు, మనిషికి మారుతుంది. 1983లో వచ్చిన మన 'ఖైదీ'లో నాయకుడు పోలీసు స్టేషనులోనివారిని చితకగొట్టి బయటపడతాడు. ఆ ఘట్టం ఉద్రేకం కలిగిస్తుంది, చప్పట్లు కొట్టిస్తుంది. కాని బలం ఒక్కటే అక్కడ నిర్ణేత గనుక ఉత్కంఠకు చోటు లేదు. జాక్ బెకేర్ 1960లో తీసిన 'ల త్రూ'లో సిమెంటు నేల పగులగొట్టే శ్రమను ఎడతెగకుండా చూపిన దృశ్యాన్ని అందరూ మెచ్చుకొంటారు. నాకు మాత్రం గదిలోనికి క్రొత్తగా వచ్చిన ఐదవవాని ముఖమే అంతకంటె భయంకరంగా కనబడినది.

బ్రెసోఁ చిత్రంలోనూ అంతే. అన్నీ సిద్ధమైన వేళ నాయకుని గదిలో పదహారేళ్ల కుర్రవానిని, జోస్త్‌ను, తెచ్చి పడవేస్తారు. వాని ఒంటిమీద శత్రువుల సైనికదుస్తులు. వేగువాడేమో? చంపవలెనా, వెంట తీసికొని పోవలెనా? ఆ రాత్రంతా మన చూపు త్రాళ్లను విడిచి ఆ కుర్రవాని కన్నులను వెదకుతుంది. డిండోలిలో ఒక స్త్రీ, "పిల్లగాణ్ణి చంపుతడా ఏంది?" అని పైకే అన్నది. ఎవరూ బదులు చెప్పలేదు. తరువాత ఒక గోడ దగ్గర జోస్త్ సాయం లేకుంటే తాను అక్కడనే నిలిచిపోయి ఉండేవాడినేమోనని నాయకుడు తలపోస్తాడు. అప్పుడు ఆమె, చిత్రం మొదలైనప్పటినుండి ఒడిలో పట్టుకొని కూర్చున్న గిన్నెను క్రింద పెట్టినది.